అర్ధరాత్రి అలారం ఎందుకు మోగుతోంది?

రాత్రి రెండు గంటలు. ఇల్లంతా నిద్రలో ఉంది. టక్‌మని హాల్లో లైటు వెలిగింది. చెప్పుల చప్పుడు... బాత్రూమ్ తలుపు కిర్రుమన్న శబ్దం... కాసేపటికి మళ్లీ చీకటి. లేచింది తాతయ్య. నాలుగింటికి ఇంకోసారి లేస్తాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. 'పెద్దతనం కదా' అనుకుని అటు తిరిగి పడుకుంటారు.

పక్కగదిలో ఆరేళ్ల మనవడిది ఇంకో కథ. వాడు లేవడు. లేవకపోవడమే వాడి సమస్య. తెల్లారేసరికి పక్క తడిసి ఉంటుంది. వాళ్లమ్మ విసుక్కుంటూ దుప్పటి తీసుకెళ్లి దండెం మీద ఎండేస్తుంది. వాడు తలొంచుకుని బడికి పోతాడు.

ఒకరు లేస్తున్నందుకు బాధ. ఇంకొకరు లేవనందుకు బాధ. చూడ్డానికి రెండింటికీ పొంతనే లేదు. కానీ చాలాసార్లు ఈ రెండు కథలూ వెళ్లి కలిసేది ఒకేచోట... మన ఒంట్లో నిరంతరం నడిచే గడియారం దగ్గర!

అసలు ఎప్పుడైనా ఆలోచించారా? పగలు మూడు నాలుగు గంటలకోసారి బాత్రూమ్‌కు వెళ్లే మనిషి, రాత్రి ఏడెనిమిది గంటలు కదలకుండా ఎలా పడుకోగలుగుతున్నాడు? తాగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? మూత్రాశయం ఒక సంచీ మాత్రమే అయితే, నిండగానే పగలూ రాత్రీ ఒకేలా గోల పెట్టాలి కదా! అలా పెట్టడం లేదంటే దానికి పొద్దూ మాపూ తెలుసన్నమాటే.

అత్తిపత్తి చెప్పిన రహస్యం

శరీరానికి వేళ తెలుసన్న సంగతిని మొదట చెప్పింది ఓ మొక్క. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి పగలు ఆకులు విప్పుతుంది, రాత్రి ముడుస్తుంది. వెలుతురు వల్లే అలా చేస్తోందని అందరూ అనుకునేవాళ్లు. 1729లో ఫ్రాన్స్‌కు చెందిన ఖగోళ శాస్త్రవేత్త డి మేరాన్‌కు అనుమానం వచ్చింది. అలాంటి మొక్కనొకదాన్ని చీకట్లో పెట్టి చూశాడు. సూర్యుడు కనిపించకపోయినా అది వేళకే ఆకులు విప్పింది, వేళకే ముడిచింది. అంటే గడియారం బయట లేదు, లోపలే ఉంది!

ఆ లోపలి గడియారం ఎలా నడుస్తుందో తేలడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో వేళలను నడిపే జన్యువు ఉందని 1971లో అమెరికాలో గుర్తించారు. ఆ జన్యువు ఎలా పనిచేస్తుందో విడమరిచి చెప్పినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్లు చెప్పిందేంటంటే... కణంలో ఒక ప్రొటీను కొద్దికొద్దిగా తయారై పేరుకుంటుంది. బాగా పేరుకున్నాక 'ఇక చాలు' అంటూ తన తయారీని తానే ఆపేస్తుంది. తర్వాత మెల్లగా కరిగిపోతుంది. మళ్లీ తయారీ మొదలవుతుంది. ఈ చక్రం ఒకసారి తిరగడానికి పట్టే సమయం సుమారు 24 గంటలు.

మనలో ఈ గడియారాలన్నిటికీ పెద్ద ఒకటుంది. కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు కింద ఒకదాన్నొకటి దాటుకునే చోటుంది చూశారూ... సరిగ్గా దానిపైన, సుమారు 20 వేల నాడీకణాల చిన్న గుంపు. కంట్లో పడే వెలుతురును బట్టి అది రోజూ తన ముల్లును సరిచేసుకుంటుంది. గుండె, కాలేయం, కిడ్నీలు... ఒక్కోదానికీ సొంత చిన్న గడియారం ఉంది. పెద్ద గడియారం వాటన్నిటినీ ఒక తాటిమీద నడిపిస్తుంది. పెళ్లివారింట్లో మేళగాళ్లందరూ ఉన్నా, తాళం వేసేవాడు ఒకడుండాలి కదా... అలాగన్నమాట.

రాత్రి డ్యూటీలో నీటి కాపలాదారు

ఇప్పుడు కిడ్నీల సంగతి. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడకడతాయి. అందులో 99 శాతానికి పైగా తిరిగి ఒంట్లోకే పంపేస్తాయి. బయటికి వచ్చేది మామూలుగా లీటరున్నర, రెండు లీటర్లు. ఎంత ఉంచాలి, ఎంత పంపాలి అన్నది కిడ్నీలకు చెప్పే ముఖ్యమైన హార్మోన్ వాసోప్రెసిన్. ఇది మెదడులో తయారవుతుంది. కిడ్నీల్లోని సన్నటి గొట్టాలకు 'ఆక్వాపోరిన్లు' అనే నీటి తలుపులుంటాయి. వాసోప్రెసిన్ వస్తే ఆ తలుపులు తెరుచుకుంటాయి. నీరు మూత్రంలోకి పోకుండా రక్తంలోకి తిరిగి వచ్చేస్తుంది. ఈ నీటి తలుపులను కనిపెట్టిన పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

అసలు విశేషం ఇక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్లలో వాసోప్రెసిన్ రాత్రిపూట పెరుగుతుంది. అంటే మనం పడుకోగానే నీటి కాపలాదారు డ్యూటీ ఎక్కుతాడు. కిడ్నీలు రాత్రంతా కొద్దిగా, చిక్కటి మూత్రాన్నే తయారుచేస్తాయి. పొద్దున లేవగానే వెళ్లినప్పుడు రంగు ముదురుగా ఉండేది అందుకే. దీనికితోడు రాత్రి రక్తపోటు తగ్గుతుంది. కిడ్నీలు వడకట్టే వేగమూ, ఉప్పును బయటికి పంపే జోరూ తగ్గుతాయి. ఫలితంగా పడుచు వయసులో రోజు మొత్తం మూత్రంలో రాత్రి వాటా అయిదో వంతు దాటదు.

ఒక లెక్క చూద్దాం. రోజుకు 1500 మిల్లీలీటర్లు అనుకుంటే రాత్రి వాటా 300లోపే. పెద్దవాళ్ల మూత్రాశయంలో 400 నుంచి 500 దాకా పడుతుంది. ఇంకేం... తెల్లారేదాకా హాయిగా సరిపోతుంది!

సంచీకీ వేళ తెలుసు

కిడ్నీలు రాత్రి తక్కువ పంపుతాయి, సరే. మరి మూత్రాశయం? అది తనకు వచ్చింది దాచుకోవడమేనా, లేక దానికీ గడియారం ఉందా?

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో హిరోమిత్సు నెగోరో బృందం ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. చిట్టెలుకలు ఎప్పుడెప్పుడు, ఎంతెంత మూత్రం పోస్తున్నాయో తెలుసుకోవడానికి బోను కింద కాగితం చుట్టను మెల్లగా కదిలే ఏర్పాటు చేశారు. పడిన ప్రతి మరకా ఒక లెక్క. మరక ఎక్కడుందో చూస్తే వేళ తెలుస్తుంది, ఎంత పెద్దదో చూస్తే పరిమాణం తెలుస్తుంది. 2012లో వెలువడిన ఆ ఫలితాలు ఆశ్చర్యం కలిగించాయి. ఎలుకలు నిద్రపోయే వేళ మూత్రాశయం ఎక్కువ పట్టుకుంటోంది. మేలుకుని తిరిగే వేళ కొద్దిగా నిండగానే ఖాళీ చేసేస్తోంది.

కారణం కనెక్సిన్‌43 అనే ప్రొటీను. మూత్రాశయం కండరంలో పక్కపక్కనున్న కణాల మధ్య ఇది సన్నటి దారులు వేస్తుంది. ఒక కణానికి అందిన కబురు చకచకా పక్కవాటికి పాకిపోతుంది. ఈ ప్రొటీను ఎక్కువైతే మూత్రాశయం చీటికీమాటికీ స్పందిస్తుంది. తక్కువైతే నిదానంగా, ఓర్పుగా ఉంటుంది. దీని తయారీని పెంచేదీ, తగ్గించేదీ కండరంలోనే ఉన్న గడియారపు జన్యువులు. మేలుకునే వేళకు పెంచుతాయి, నిద్రవేళకు తగ్గిస్తాయి. గడియారపు జన్యువులు లేని ఎలుకల్లో ఈ తేడా చెరిగిపోయింది.

ఆ తర్వాత జపాన్‌లోనే యమనాషి విశ్వవిద్యాలయం పరిశోధకులు మూత్రాశయం లోపలి పొర మీద దృష్టి పెట్టారు. సంచీ ఎంత సాగిందో పసిగట్టే ప్రొటీన్లు అక్కడుంటాయి. అవి కూడా వేళను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయి. గడియారపు జన్యువు చెడిన ఎలుకలు నిద్రవేళల్లోనూ పదేపదే లేచి వెళ్లాయి... అచ్చం మన తాతయ్యలా!

ఎలుకల్లో తేలిందంతా మనుషులకూ అలాగే వర్తిస్తుందని అప్పుడే ముద్ర వేయలేం. కానీ రాత్రి మన మూత్రాశయం కూడా పగటికన్నా ఎక్కువ పట్టుకోగలదన్నది అందరి అనుభవమే. అంటే మనం నిద్రపోవాలంటే ముగ్గురు ఒకే వేళకు పనిచేయాలి. కిడ్నీలు తక్కువ తయారుచేయాలి. మూత్రాశయం ఎక్కువ దాచాలి. మెదడు చిన్నచిన్న కబుర్లకు లేవకుండా గాఢంగా నిద్రపోవాలి. ముగ్గురిలో ఏ ఒక్కరి గడియారం తప్పినా... అర్ధరాత్రి అలారం మోగుతుంది.

సూర్యుడు అస్తమించని దీవిలో...

గడియారాన్ని మోసం చేయొచ్చా? ఈ సందేహంతోనే 1950ల్లో బ్రిటన్ శాస్త్రవేత్తలు మేరీ లోబన్, పి.ఆర్.లూయిస్‌లు ఆర్కిటిక్ సముద్రంలోని స్పిట్స్‌బర్గన్ దీవిని ఎంచుకున్నారు. వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడు. పగలో రాత్రో ఆకాశాన్ని చూసి చెప్పలేం. వాలంటీర్లకు ప్రత్యేకంగా తయారుచేసిన చేతి గడియారాలిచ్చారు. కొందరి గడియారం వేగంగా తిరిగి 21 గంటలకే రోజు పూర్తిచేసేది. మరికొందరిది నింపాదిగా 27 గంటలు తీసుకునేది. ఆ వేళల ప్రకారమే వాళ్లు తిన్నారు, పనిచేశారు, పడుకున్నారు. మూత్రాన్ని ఎప్పటికప్పుడు సేకరించి పరీక్షించారు.

ఏం తేలింది? మూత్రం పరిమాణం కొత్త రోజుకు కాస్త త్వరగానే సర్దుకుంది. కానీ అందులో పొటాషియం హెచ్చుతగ్గులు చాలామందిలో పాత 24 గంటల లెక్కనే పట్టుకుని వేలాడాయి. చేతి గడియారం మారినంత తేలిగ్గా ఒంట్లోవన్నీ మారవని అర్థమైంది. పైగా అన్నీ ఒకే వేగంతో మారవు.

అమెరికాలో కూతురింటికి వెళ్లిన అమ్మలందరికీ ఈ సంగతి అనుభవమే. చలికాలంలో న్యూజెర్సీలో రాత్రి రెండు గంటలంటే హైదరాబాద్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర. కిడ్నీలు ఇంకా ఇక్కడి టైములోనే ఉంటాయి. పట్టపగలు అనుకుని చక్కగా మూత్రం తయారుచేస్తుంటాయి. మొదటి నాలుగైదు రోజులు రాత్రిళ్లు రెండేసి మూడేసి సార్లు లేవాల్సి వస్తే 'నాకేదో రోగం వచ్చింది' అని కంగారు పడక్కర్లేదు. రోజులు గడిచేకొద్దీ ఒళ్లు అక్కడి పొద్దుకు అలవాటు పడుతుంది. పగటిపూట కాసేపు ఎండలో తిరిగితే ఆ సర్దుబాటు సాఫీగా సాగుతుంది.

ఎటొచ్చీ ఇబ్బంది పడేది వారానికో షిఫ్టు మారేవాళ్లు. ఆసుపత్రిలో నర్సులు, హైటెక్ సిటీలో రాత్రి ఉద్యోగాలు చేసేవాళ్లు, రైల్వే సిబ్బంది... వాళ్ల గడియారం ఒక వేళకు అలవాటు పడేలోపే ఇంకో వేళ వచ్చేస్తుంది. పగలు పడుకుంటే మధ్యలో మూత్రానికి మెలకువ వస్తోందని అనేవాళ్లలో కొందరి సమస్య మూత్రాశయానిది కాదు... డ్యూటీ చార్టుది!

వాడి తప్పేం లేదు

పుట్టిన పాపాయికి పగలూ రాత్రీ తేడా తెలియదు. పాలు తాగడం, నిద్రపోవడం, తడపడం అన్నీ గడియారం చుట్టూ సమానంగా సాగుతాయి. వేళలు మెల్లమెల్లగా కుదురుకుంటాయి. మూత్రం విషయంలో అందరికంటే ఆలస్యంగా కుదురుకునేది రాత్రి వేళే. అయిదేళ్ల పిల్లల్లో నూటికి పదిహేను మంది దాకా పక్క తడుపుతారని వైద్యుల లెక్క. అందుకే అయిదేళ్లలోపు దాన్ని జబ్బుగా చూడరు. ఆ తర్వాత ఏటా కొంతమందికి దానంతటదే తగ్గిపోతుంది.

పక్క తడిపే పిల్లలు కొందరిలో వాసోప్రెసిన్ రాత్రిపూట పెరగాల్సినంత పెరగడం లేదని 1980ల్లో డెన్మార్క్‌లోని ఆర్హస్ పరిశోధకులు గమనించారు. కాపలాదారు ఇంకా డ్యూటీలో చేరలేదన్నమాట! అందుకే కిడ్నీలు రాత్రి కూడా పగటిలాగే పనిచేస్తాయి. దానికితోడు ఆ వయసులో మూత్రాశయం చిన్నది. పిల్లవాడి వయసుకు ఒకటి కలిపి 30తో గుణిస్తే సుమారు ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో తెలుస్తుంది. ఆరేళ్ల వాడికి 210. అంటే ఒక గ్లాసుడు. ఆ గ్లాసు నిండినా మెదడు మేలుకోకపోతే ఇంకేమవుతుంది? పక్క తడుస్తుంది.

ఇది వంశంలోనూ వస్తుంది. చిన్నప్పుడు నాన్నకో అమ్మకో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం బాగా ఎక్కువ. కాబట్టి వాడిని తిట్టేముందు బామ్మను ఓసారి అడిగి చూడండి... 'వాళ్ల నాన్నా పదేళ్లదాకా అంతేగా' అనొచ్చు! కొట్టడం, బంధువుల ముందు చెప్పి నవ్వడం వల్ల గడియారం బాగుపడదు, మనసు పాడవుతుంది. నీళ్లు బడిలో, ఆటల వేళ బాగా తాగించి సాయంత్రం నుంచి తగ్గించడం, పడుకునేముందు తప్పనిసరిగా బాత్రూమ్‌కు పంపడం, మలబద్ధకం ఉంటే తగ్గించడం... ముందు చేయాల్సినవి ఇవే. ఆరేడేళ్లు దాటినా తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించాలి. తడి తగలగానే మోగే అలారంతో మెదడుకు అలవాటు చేసే పద్ధతుంది. అవసరమైతే వాసోప్రెసిన్‌లా పనిచేసే మందూ ఉంది. కొన్నాళ్లపాటు ఆరిపోయి మళ్లీ కొత్తగా మొదలైతే మాత్రం ఆలస్యం చేయకూడదు. సుగర్‌గానీ, ఇన్‌ఫెక్షన్‌గానీ, మనసులో ఏదైనా దిగులుగానీ కారణం కావచ్చు.

పెద్దతనం కాదు... వేళ తప్పడం!

వయసు మీద పడేకొద్దీ వాసోప్రెసిన్ రాత్రిపూట పెరగడం తగ్గుతుంది. మూత్రాశయం మునుపటిలా సాగదు. నిద్ర పలచబడుతుంది. అందుకే 65 దాటినవాళ్లలో రోజు మొత్తం మూత్రంలో మూడోవంతు దాకా రాత్రే వచ్చినా వైద్యులు మామూలుగానే తీసుకుంటారు. రాత్రి ఒకసారి లేవడం పెద్ద విషయమేమీ కాదు. రెండు, అంతకు మించితేనే ఆలోచించాలి.

అయితే వయసు మీదికి తోసేసి ఊరుకోవడం తప్పు. ఎందుకంటే వెనక వేరే కారణాలుండొచ్చు. సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయా? పగలంతా కాళ్లలో దిగిన నీరు, పడుకోగానే రక్తంలోకి తిరిగొస్తుంది. కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. తాగింది రాత్రి కాదు, వచ్చేది మాత్రం రాత్రి! గుండె బలహీనంగా ఉన్నా, కొన్నిరకాల బీపీ మాత్రల వల్లా ఇలా కాళ్లు వాయొచ్చు.

పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లవుతోందా? అలాంటప్పుడు ఛాతీలో ఒత్తిడి మారి గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, మూత్రాన్ని పెంచే హార్మోన్ విడుదల చేస్తుంది. ఇలాంటివాళ్లలో గురకకు చికిత్స చేస్తే బాత్రూమ్ ప్రయాణాలూ తగ్గుతాయి. సుగర్ అదుపులో లేకపోతే పగలూ రాత్రీ రెండూ పెరుగుతాయి. ఇప్పుడు వాడుతున్న కొన్నిరకాల సుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలోంచే బయటికి పంపుతాయి కాబట్టి వాటివల్లా కొంత పెరగొచ్చు. మగవాళ్లలో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం మరో కారణం. దానివల్ల మూత్రం ఎక్కువగా తయారవదు. పూర్తిగా ఖాళీ అవక కొద్దికొద్దిగా మళ్లీ మళ్లీ వస్తుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదనడానికి ఇంకో కారణముంది. నిద్రమత్తులో, చీకట్లో గబుక్కున లేవడం. తల తిరగడం. తడి నేల. ఒక్కసారి కాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది. అప్పటిదాకా తన పని తాను చేసుకున్న మనిషి మంచానికి పరిమితమైపోవచ్చు. ఆ భయంతోనే చాలామంది అమ్మమ్మలు నీళ్లు తాగడం మానేస్తుంటారు. మన ఎండాకాలాల్లో అది ఇంకా ప్రమాదం. రాత్రి లేవకూడదని పగలు ఎండిపోవడం పరిష్కారం కాదు.

ఆవకాయ సంగతేంటి?

రాత్రి నీళ్లు ఎన్ని తాగామని అందరం ఆలోచిస్తాం. పగలు ఉప్పు ఎంత తిన్నామని ఎవరం ఆలోచించం. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే దాన్ని పంపడానికి కిడ్నీలకు నీరు కావాలి. పగలు పంపలేక మిగిలిపోయిన ఉప్పును అవి రాత్రి డ్యూటీలో పంపుతాయి. దాంతోపాటే నీరూ పోతుంది.

జపాన్‌లోని నాగసాకి విశ్వవిద్యాలయం వైద్యులు రాత్రిళ్లు లేచే బాధ ఉండి, ఉప్పు ఎక్కువగా తినే 321 మందికి ఉప్పు తగ్గించుకోమని సలహా ఇచ్చారు. వాళ్లలో 223 మంది రోజుకు 10.7 గ్రాముల నుంచి 8 గ్రాములకు తగ్గించగలిగారు. వాళ్లు రాత్రిపూట లేవడం సగటున 2.3 సార్ల నుంచి 1.4కు తగ్గింది. మిగతా 98 మంది తగ్గించకపోగా ఇంకాస్త పెంచారు. వాళ్లు లేవడం 2.3 నుంచి 2.7కు పెరిగింది. 2017లో ఈ ఫలితాలను లండన్‌లో జరిగిన యూరప్ మూత్రవ్యాధి నిపుణుల సదస్సులో వెల్లడించారు. తగ్గించింది అర చెంచాడు ఉప్పు. దక్కింది దాదాపు ఒక మెలకువ లేని నిద్ర!

రోజుకు 5 గ్రాములలోపే ఉప్పు తినాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే చిన్న చెంచాడు కన్నా తక్కువ. మరి మన కంచంలో పొద్దున ఇడ్లీతో కారప్పొడి, మధ్యాహ్నం ఆవకాయ, సాయంత్రం మిక్చరు, రాత్రి అప్పడం, పెరుగన్నంలో మాగాయ ముక్క, చివర మజ్జిగలోనూ ఉప్పు! పచ్చడి మానేయమని ఎవరూ అనరు. అన్నా మనం వినం. కానీ రాత్రి భోజనంలోంచి అప్పడం, పచ్చడి, ఉప్పు మజ్జిగ తీసేసి రెండు వారాలు చూడండి. ఖర్చు లేని పరీక్ష ఇది.

మూడు రోజుల చిట్టా

రాత్రి లేస్తున్నామని చెప్పగానే మంచి డాక్టరు ముందు రాసేది మందు కాదు... ఓ చిట్టా. దీన్ని ఇంట్లోనే రాసుకోవచ్చు. కావాల్సింది ఒక కొలత కప్పు, ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు.

మూడు రోజులపాటు వెళ్లిన ప్రతిసారీ వేళ, పరిమాణం రాయాలి. తాగినవన్నీ రాయాలి. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారన్నదీ ఉండాలి. పడుకునేముందు వెళ్లింది పగటి లెక్కలోకి వస్తుంది. పొద్దున లేవగానే వెళ్లింది మాత్రం రాత్రి లెక్కే. ఎందుకంటే అది తయారైంది రాత్రి. ఇక్కడే చాలామంది పొరపడతారు.

ఉదాహరణకు ఒక పెద్దాయనకు రోజు మొత్తం 1500 మిల్లీలీటర్లు వచ్చిందనుకుందాం. అందులో రాత్రి రెండుసార్లు, లేవగానే ఒకసారి కలిపి 650. అంటే 43 శాతం. మూడోవంతు దాటింది. ఆయన సమస్య మూత్రాశయం కాదు, కిడ్నీల రాత్రి డ్యూటీ. ఉప్పు, కాళ్ల వాపు, గురక, గుండె, మాత్రల వేళలు చూడాలి. ఇంకొకాయనా అన్నిసార్లే లేస్తాడు. కానీ ప్రతిసారీ వచ్చేది వంద మిల్లీలీటర్లే. అప్పుడు చూడాల్సింది ప్రోస్టేట్, మూత్రాశయం, నిద్ర. మూడో ఆయనకు రోజు మొత్తం లెక్కే ఎక్కువ. కిలో బరువుకు 40 మిల్లీలీటర్లు దాటితే, అంటే 60 కిలోల మనిషికి 2400 దాటితే సుగర్ పరీక్ష చేయించాలి. తాగే నీళ్ల లెక్కా చూసుకోవాలి.

ముగ్గురూ చెప్పేది ఒకే మాట... 'రాత్రిళ్లు లేస్తున్నానండీ' అని. ముగ్గురికీ వైద్యం మాత్రం వేరు. ఆ తేడాను చూపించేది పది రూపాయల నోటుపుస్తకం.

ఇలా చేసి చూడండి

* నీళ్లు తగ్గించొద్దు, వేళ మార్చండి. ఎక్కువ భాగం మధ్యాహ్నం లోపు తాగి, పడుకునే రెండు మూడు గంటల ముందు నుంచి తగ్గించండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

* సాయంత్రం తర్వాత కాఫీ, టీ, మద్యం వద్దు. రాత్రిపూట పుచ్చకాయ ముక్కలు కూడా నీళ్లతో సమానమే.

* కాళ్లు వాసేవాళ్లు సాయంత్రం ఓ గంట కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. ఆ నీరు పడుకునేలోపే బయటికి పోతుంది.

* ఒంట్లో నీరు తీసే మాత్ర రాత్రి వేసుకుంటున్నారా? వేళ మార్చొచ్చేమో డాక్టరును అడగండి. సొంతంగా మాత్రం మార్చొద్దు, మానొద్దు.

* పొద్దున కాసేపు ఎండలో నడవండి. రాత్రి పడుకునేముందు ఫోను, టీవీ వెలుతురు తగ్గించండి. రోజూ ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేస్తే లోపలి గడియారానికి దారి తెలుస్తుంది.

* మంచం నుంచి బాత్రూమ్ దాకా చిన్న లైటు, తడి లేని నేల, పట్టుకోవడానికి ఒక కడ్డీ. మెలకువ రాగానే ఒక నిమిషం మంచం అంచున కూర్చుని లేవాలి.

* వాసోప్రెసిన్‌లా పనిచేసే మందును పెద్దవాళ్లు సొంతంగా కొని వాడకూడదు. రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. రక్తపరీక్షలతో, డాక్టరు కనుసన్నల్లోనే వాడాలి.

* మూత్రంలో రక్తం, మంట, జ్వరం, ఒక్కసారిగా బిగుసుకుపోవడం, విపరీతమైన దాహం, బరువు తగ్గడం, ఆయాసం... వీటిలో ఏది కనిపించినా చిట్టా పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

* * *

గోడ గడియారం ఆగిపోతే రిపేరు షాపుకు తీసుకెళ్తాం. ఒంట్లో గడియారం తప్పితే మాత్రం 'వయసైపోయింది' అనో, 'వీడికి బుద్ధి లేదు' అనో పేరు పెట్టేస్తాం. ఇవాళ్టి నుంచి ఆ రెండు మాటలూ పక్కన పెడదాం. తాతయ్య బాత్రూమ్ తలుపు పక్కన ఓ నోటుపుస్తకం, దారానికి కట్టిన పెన్సిలు వేలాడదీయండి. మనవడి మంచం పక్కన ఒక పొడి దుప్పటి, ఓ మంచి మాట ఉంచండి. ఆ ఇద్దరూ తెల్లారేదాకా కంటినిండా నిద్రపోతే... ఇంటిల్లిపాదికీ అంతకన్నా కావాల్సిందేముంది!